ఇరవై నంబరు నూలు, ఏడో తరగతి లెక్క

(సమాఖ్య వార్షికోత్సవ సభలో డి.ఎల్.ఎడ్. రెండో సంవత్సరం విద్యార్థిని చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే ఇస్తున్నాం.)

వేదిక మీది పెద్దలకు, కర్ణాటక నుంచి, తమిళనాడు నుంచి, ఒడిశా, యానాం నుంచి ఇంత దూరం వచ్చిన బంధువులకు, ఇంట్ల పని పక్కన పెట్టి వచ్చిన మా సోలాపూర్ అవ్వలకు, అక్కలకు, చెల్లెళ్లకు నమస్కారం.

నాకు ఇచ్చిన అంశం పాంప్లెట్‌లో చూశారు కదా. "చదువును సరదాగా, స్ఫూర్తినిచ్చేలా మార్చడం ఎలా? ఒక రేపటి టీచర్ ఆలోచనలు." రేపటి టీచర్ అన్నారు, అది మాత్రం సరిగ్గా ఉంది. కోర్సు అయిపోయాక టి.ఇ.టి. రాయాలి. అది పాసైతే టి.ఎ.ఐ.టి. రాయాలి. ఆ తర్వాత పవిత్ర పోర్టల్‌లో పేరు కోసం కళ్లు కాయలు కాసేలా చూడాలి. ఆ రేపు ఎప్పుడొస్తదో మా కాలేజీల ఎవ్వరికీ తెల్వదు. (నవ్వులు)

అందుకని పెద్ద టీచర్‌లాగ కాకుండా, ప్రాక్టీస్ పాఠాల కోసం బడికి పోయినప్పుడు నేను చూసింది, చేసింది మీ ముందు పెడతాను. నాకు ఈ సభ కంటే మంచి సభ దొరకదు, ఎందుకంటే నేను చెప్పే పాఠంలో వాడిన సామాను మొత్తం మీ ఇండ్లలోనిదే.

సరదా అనే మాట మీద మొదటి నుంచి నాకు కొంచెం అనుమానం ఉంది. మా ట్రైనింగులో సరదా పాఠం అంటే రంగుల చార్టు, ఒక పాట, నాలుగు బొమ్మలు, చివర చప్పట్లు. ఒకటో తరగతికి అవన్నీ కావాలి, కాదనను. పాట లేకుంటే ఒకటో తరగతి నడవనే నడవదు. కాని ఏడో తరగతి పిల్లవాడు బడిలో చప్పట్లు కొట్టి, ఇంటికి పోయి, లెక్క రాక నోటుబుక్కు మూసేస్తే ఆ సరదా ఎందుకు? నేను చూసినంతలో పిల్లల ముఖం నిజంగా వెలిగేది ఎప్పుడంటే, "అరే, ఇది నాకు ముందే తెల్సు" అని వాళ్లకు అనిపించినప్పుడు. ఆ ఒక్క క్షణం గురించే ఈ పూట మాట్లాడతాను.

మా జిల్లా బడుల్లో ఏడో తరగతి గణితంలో సమప్రమాణం, వ్యస్తప్రమాణం అని ఒక పాఠం ఉంది. తెలుగు పుస్తకాల్లో రెండోదాన్ని విలోమానుపాతం అంటారు. ఒకటి పెరిగితే ఇంకొకటి అదే లెక్కన తగ్గడం. దీనికి అందరూ చెప్పే ఉదాహరణ కూలీలు, రోజులు. ఇంత మంది కూలీలు ఇన్ని రోజుల్లో గోడ కడితే, రెండింతల మంది ఎన్ని రోజుల్లో కడతారు? పిల్లలు సూత్రం పెట్టి జవాబు రాస్తారు. ఎవరికీ గోడ కనబడదు. ఒక పిల్లవాడు నన్ను అడిగాడు కూడా, "ఎక్కువ మంది వస్తే అందరూ ముచ్చట్లు పెడ్తరు గదా టీచర్, ఇంకా లేటైతది గదా" అని. వాడిది నిజమే!

నాకు ఆ పాఠం వచ్చినప్పుడు మూడు కోన్‌ల నూలు తీసుకుపోయాను. పది నంబరు ఒకటి, ఇరవై నంబరు ఒకటి, నలభై నంబరు ఒకటి. మూడూ తూకం వేసి సమానంగా చేసినవి. బల్ల మీద పెట్టి అడిగాను, "మూడింటి బరువు ఒకటే. దేంట్ల దారం ఎక్కువ పొడుగుంటది?"

క్లాసులో సగం మంది పది నంబరు అన్నారు. దారం లావుగా ఉంది కాబట్టి ఎక్కువ అనిపించింది వాళ్లకు. మొదటి బెంచీ పిల్లలు నలభై అన్నారు, నంబరు పెద్దది కాబట్టి. ఎందుకు అంటే చెప్పలేరు. వెనక బెంచీలో ఒక పిల్లవాడు, ఎప్పుడూ నోరు తెరవడని అందరూ చెప్పినవాడు, కూర్చున్న చోటి నుంచే మరాఠీ, తెలుగు కలిపి అన్నాడు: "చాలీస్‌వాలా సన్నగుంటది టీచర్. సన్నగుంటే గంతే బరువుల ఎక్కువ పోగు వస్తది. మా బాపు చెప్పిండు." వాళ్ల బాపు టెర్రీ టవల్ కారఖానాలో పని చేస్తాడు.

ఇక్కడి పెద్దలకు ఇది కొత్త ముచ్చట కాదు. నూలు నంబరు ఎట్లా వచ్చిందో మీలో చాలా మందికి నోటికి తెలుసు. 840 గజాల నూలు ఒక హ్యాంకు. మనవాళ్లు చిలప అంటారు. ఒక పౌను బరువులో అట్లాంటివి ఎన్ని చిలపలు తూగితే అది ఆ నూలు నంబరు. పది తూగితే పది నంబరు, ఇరవై తూగితే ఇరవై నంబరు. కాని ఈ సంగతి మన పిల్లల్లో చాలా మందికి తెలీదు. రోజూ నూలు కోన్‌ల మధ్య అన్నం తింటారు, దాని మీద రాసిన అంకె ఏందో ఎవరూ చెప్పలేదు, వాళ్లూ అడగలేదు.

బోర్డు మీద రాశాం. ఇరవైని 840తో గుణిస్తే 16,800 గజాలు. మీటర్లు చేస్తే పదిహేను వేలు దాటింది. అంటే పదిహేను కిలోమీటర్ల పైన! ఒక్క పౌను నూలులో! పిల్లలు నమ్మలేదు. రెండుసార్లు గుణించి చూశారు. అప్పుడు ఒక అమ్మాయి అడిగింది, "టీచర్, తుల్జాపూర్ దాకా పోవాల్నంటే ఎన్ని పౌన్లు?" తుల్జాపూర్ ఇక్కడి నుంచి 45 కిలోమీటర్లు. మూడు పౌన్లు. మేము దసరాలకు నడిచిపోయే దారి అంతా మూడు పౌన్ల ఇరవై నంబరు నూలు. ఆ తర్వాత క్లాసు నా చేతిలో లేదు. ఒకరు పంఢర్‌పూర్ అంటారు, ఒకరు అక్కల్‌కోట్ అంటారు. ఒకడు హైదరాబాద్ అన్నాడు. మూడు వందల కిలోమీటర్ల పైన. దాదాపు ఇరవై పౌన్లు. మన తాతలు, ముత్తాతలు కరీంనగర్ నుంచి, నల్లగొండ నుంచి, పాలమూరు నుంచి మిల్లుల్లో పని వెతుక్కుంటూ వచ్చిన దారి లెక్క అది, సుమారుగా.

అసలు పాఠం అప్పుడు మొదలైంది. ఇప్పుడు పొడుగు ఒకటే పెట్టి బరువు చూద్దాం అన్నాను. 16,800 గజాలు కావాలంటే పది నంబరు నూలు ఎంత? రెండు పౌన్లు. ఇరవై నంబరు? ఒక పౌను. నలభై? అర పౌను. నంబరు రెండింతలైతే బరువు సగమైంది. నంబరును బరువుతో గుణిస్తే ప్రతిసారీ ఇరవయ్యే వస్తోంది. పది రెళ్లు ఇరవై, ఇరవై ఒకట్లు ఇరవై, నలభై అరలు ఇరవై. "ఇదే వ్యస్తప్రమాణం" అని అప్పుడు పేరు చెప్పాను. పేరు చివర్లో చెప్పడమే మంచిదని నా నమ్మకం. పేరు ముందు చెప్తే పిల్లలు దాన్ని బట్టీ పడతారు.

వెనక బెంచీ పిల్లవాడు ఇంకో ప్రశ్న వేశాడు. "టూ బై ట్వంటీ అంటరు గద, అదేంది?" రెండు ఇరవై నంబరు పోగులు కలిపి మెలేసింది. బరువు రెండింతలు కాబట్టి పది నంబరు లెక్కకు వస్తుందని చెప్పాను. ఇంకో పిల్ల వెంటనే తన జడ చూపించింది. "జడేస్తే వెంట్రుకలు పొట్టి అయితయి టీచర్. మెలేస్తే దారం గూడ పొట్టి కావాల్నా, వద్దా?" కావాలి. అందుకే సరిగ్గా పది రాదు, కొంచెం తేడా పడుతుంది. ఈ మాట ఏడో తరగతి పుస్తకంలో లేదు.

గంట కొట్టారు. ఎవరూ లేవలేదు. నేను ఇంతవరకు చేసిన పాఠాల్లో సరదా పాఠం ఏదని అడిగితే ఇదే చెప్తాను. పాట లేదు, బొమ్మ లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. రెండు రోజులకు ఒక తండ్రి బడి గేటు దగ్గరకు వచ్చాడు. కోపంగా రాలేదు, మర్యాదగానే మాట్లాడాడు. "బిడ్డా, నేను పన్నెండు గంటలు నిలబడి పని చేసేది వాడు నిలబడొద్దని. నూలు తోటి వానికి ఏం పని? బడిల గూడ నూలు చూపెడితే ఇగ వాడు ఎటు పోవాలె?"

ఈ మాట తీసి పారేసే మాట కాదు. ఈ హాల్లో కూడా కొందరి మనసులో ఇదే ఉందని నాకు తెలుసు. దానికి వెనక చరిత్ర కూడా ఉంది. 1937లో వార్ధాలో గాంధీజీ నయీ తాలీం ముందుకు తెచ్చారు. చేతి పని చుట్టూ చదువు ఉండాలన్నారు. జాకిర్ హుస్సేన్ అధ్యక్షతన కమిటీ దానికి పాఠ్య ప్రణాళిక తయారు చేసింది. తకిలీ తిప్పుతూ లెక్కలు, పత్తి చూస్తూ భూగోళం. అక్కడ తకిలీ అందరి పిల్లల చేతికీ ఇవ్వాలన్నది ఆలోచన. కాని 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం తెచ్చిన పథకం వేరే. గ్రామాల్లో పిల్లలు ఒక పూట బడికి పోవాలి, రెండో పూట ఇంట్లో తండ్రి పని నేర్చుకోవాలి. సేలం, కోయంబత్తూరు వైపు నుంచి వచ్చిన పెద్దలకు దాని పేరు బాగా గుర్తుండి ఉంటుంది. కులకల్వి అన్నారు దాన్ని. పెరియార్ మనుషులు, డి.ఎం.కె. వాళ్లు వీధుల్లోకి వచ్చారు. చివరికి రాజాజీ దిగిపోయి కామరాజ్ వచ్చాక 1954లో దాన్ని తీసేశారు. వాళ్లు అడిగింది చిన్న ప్రశ్నే. సాలె కొడుకు రెండో పూట మగ్గం గుంటలో కూర్చుంటే, వకీలు కొడుకు రెండో పూట ఏం చేస్తాడు?

ఆ ప్రశ్న నేను కూడా నా పాఠానికి వేసుకున్నాను. నా జవాబు ఇది. ఆ పథకంలో పిల్లవాడు మగ్గం దగ్గరికి పోతాడు, అక్కడే ఉంటాడు. నా క్లాసుకు నూలు కోన్ వచ్చింది, లెక్క ఇచ్చింది, పోయింది. పిల్లవాడికి నేత పని ఒక్క ముక్క కూడా రాలేదు. వ్యస్తప్రమాణం వచ్చింది. ఇంకొకటి, ఆ క్లాసులో డాక్టరు గారి అమ్మాయి ఉంది, కిరాణా కొట్టు వాళ్ల పిల్లవాడు ఉన్నాడు. వాళ్లకు కూడా అదే కోన్, అదే లెక్క. సాలె పిల్లలను వేరుగా కూర్చోబెట్టి నూలు లెక్క, మిగతావాళ్లకు పుస్తకం లెక్క అంటే అప్పుడు ఆ తండ్రి కోపం న్యాయం. ఆయనకు గేటు దగ్గర ఇంత పొడుగు చెప్పలేదు. "మీ వాడు మొన్న క్లాసుకు టీచర్ అయిండు" అని మాత్రం చెప్పాను. ఆయన నవ్వలేదు. కాని "అట్లనా" అన్నాడు.

మన పిల్లలకు లెక్క రాదు అనే మాట వింటే నాకు అస్సలు నచ్చదు. బ్రెజిల్ దేశంలో రెసిఫె అనే ఊరిలో వీధుల్లో కొబ్బరి బోండాలు, పండ్లు అమ్మే పిల్లలను 1980లలో పరిశోధకులు పరీక్షించారు. బజార్లో బేరం చేసేటప్పుడు వేసిన లెక్కల్లో నూటికి 98 సరిగ్గా వచ్చాయి. అవే లెక్కలు కాగితం మీద అంకెలుగా రాసి ఇస్తే నూటికి 37 మాత్రమే. అంత దూరం ఎందుకు, కలకత్తా, ఢిల్లీ బజార్లలో పని చేసే పిల్లల మీద చేసిన ఇలాంటి అధ్యయనం 2025లో నేచర్ పత్రికలో వచ్చింది. దాంట్లో ఇంకో సంగతి కూడా తేలింది. బజారు పిల్లలకు బడి లెక్క కష్టమైనట్టే, బడి పిల్లలకు బజారు లెక్క కష్టమైంది. మధ్యలో వంతెన లేదు, రెండు వైపులా లేదు. ఆ వంతెన కట్టే పనికే మేము ట్రైనింగు తీసుకుంటున్నామని నేను అనుకుంటాను.

మా బడిలో ఒక అమ్మాయి ఉంది. భాగహారం రాదని రిపోర్టులో రాసి ఉంది. వెయ్యిని ఇరవై అయిదుతో భాగించమంటే పెన్సిల్ కొరుకుతూ కూర్చుంది. పక్కన కూర్చుని అడిగాను, "మీ అవ్వ దినాం వెయ్యి బీడీలు చేస్తది గద, ఎన్ని కట్టలు కడ్తరు?" రెప్ప కొట్టేలోపు "నలభై" అంది. ఎనిమిది వందలైతే? "ముప్పై రెండు." కట్టకు ఇరవై అయిదు అని ఆ పిల్ల వేళ్లకు తెలుసు.

నేను సంతోషించాలా? భాగహారం వచ్చని సంతోషమే. కాని ఆ లెక్క ఎట్లా వచ్చిందో కూడా నాకు తెలుసు. బడి నుంచి వచ్చి చాట ముందు కూర్చుంటేనే వచ్చింది. చట్టం 2016లో మారింది. బడి అయినంక, సెలవుల్లో ఇంటి పనిలో పిల్లలు సాయం చేయవచ్చు, ప్రమాదం లేని పని అయితేనే. బీడీ ఆకు దుమ్ము, జర్దా ఘాటు ప్రమాదం కాదని ఎవరంటారు? ఆ అమ్మాయికి వచ్చిన లెక్కను నేను పాఠంలో వాడుకుంటాను. వాడుకున్నంత మాత్రాన ఆ చాట ముందు ఆమె కూర్చోవడం మంచిదైపోదు. ఇక్కడ ఉన్న అక్కలకు వేరే దారి లేక చేస్తున్నారని తెలుసు, నేను కూడా ఆ ఇండ్లలోనే పుట్టాను. కనీసం పరీక్షల నెలలోనైనా కట్టలు కట్టే పని అమ్మాయిల మీద వేయకండి. అబ్బాయిని ఆటకు పంపి అమ్మాయిని కూర్చోబెట్టడం మరీ అన్యాయం.

భాష సంగతి కూడా చెప్పాలి. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, గల్లీలో రెండూ, కొందరికి కన్నడం, ట్యూషన్‌లో ఇంగ్లీషు. మన పిల్లవాడు పడుగు అంటాడు, కారఖానాలో తాణా అంటారు, ఇంగ్లీషు పుస్తకంలో వార్ప్ అని ఉంటుంది. నాడె అన్నది మరాఠీలో ధోటా అవుతుంది. దీన్ని కొందరు టీచర్లు గందరగోళం అంటారు. పిల్లవాడికి ఒక వస్తువుకు మూడు పేర్లు తెలుసు, అందులో గందరగోళం ఎక్కడుంది? మా జిల్లాలోనే మాఢా తాలూకా పరితేవాడిలో జిల్లా పరిషత్ బడి టీచర్ రంజిత్‌సింహ్ డిసలే గారికి 2020లో గ్లోబల్ టీచర్ ప్రైజ్ వచ్చింది. క్యూ.ఆర్. కోడ్‌ల గురించే అందరూ చెప్తారు. ఆయన మొదట చేసిన పని అది కాదు. అక్కడి పిల్లల ఇంటి భాష కన్నడం అని చూసి, పాఠాలను వాళ్ల భాషలోకి మార్చారు. ఫోను, కోడ్ ఆ తర్వాత సంగతి. బహుమతి సొమ్ములో సగం తనతో పాటు చివరి వరకు నిలిచిన మిగతా తొమ్మిది మందికి పంచేశారు, అది ఇంకో కథ.

మన ఊళ్లో మహాపాలిక తెలుగు బడులు నడిపింది. ఇప్పుడు మన ఇండ్లలో ఎంత మంది పిల్లలు తెలుగు చదవగలరో మీరే చేతులెత్తండి. ...సరే, దించేయండి. (నవ్వులు) తెలుగు నేర్పే గంట నాకు టైంటేబుల్‌లో ఎవరూ ఇవ్వరు. అందుకని ఇంకో దారిలో లోపలికి తెచ్చాను.

మన చద్దర్‌కు జి.ఐ. గుర్తింపు ఉంది, దాని మీద పువ్వులు, నెమళ్లు జాకార్డ్ పనే కదా. ఫ్రాన్సులో జాకార్డ్ అనే ఆయన 1804లో ఆ యంత్రం తెచ్చాడు. అట్టలో రంధ్రం ఉన్న చోట పడుగు పోగు లేస్తుంది, రంధ్రం లేని చోట కిందే ఉంటుంది. రంధ్రం ఉంది, లేదు. ఈ రెండే మాటలతో నెమలి వస్తుంది. తర్వాత ఇంగ్లండులో ఛార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి అట్టలు పెట్టాలనుకున్నది ఈ మగ్గం చూసే. 1890లో అమెరికా జనాభా లెక్కలు హోలరిత్ యంత్రాలతో వేసింది కూడా రంధ్రాల అట్టలతోనే. కంప్యూటర్ కోర్సుకు పుణె పంపాలని ఫీజులు కడుతున్న తల్లిదండ్రులారా, దాని ముత్తాత మీ కారఖానాలో దుమ్ము పట్టి ఉంది.

పిల్లలకు పన్నెండు గడుల వెడల్పు, పన్నెండు గడుల ఎత్తు గ్రాఫ్ కాగితం ఇచ్చాను. నానమ్మ పేరులో మొదటి అక్షరం తెలుగులో అడిగి తెచ్చుకోండి, దాన్ని గడులు నింపి వేయండి అన్నాను. తెలుగు అక్షరాలన్నీ గుండ్రం, గడులన్నీ చదరం. 'ల' రాయడానికి ఒక పిల్ల మూడు కాగితాలు పాడు చేసింది. నానమ్మలు నాలుగైదు ఇండ్లలో అక్షరం రాయలేక పక్కింటి వాళ్లను పిలిచారట. అది కూడా మంచిదే. అక్షరం అయ్యాక ఆట. ఇద్దరు వీపులు ఆనించి కూర్చోవాలి. ఒకరు తన కాగితం వరుసవారీగా చదవాలి, "వదులు, వదులు, లేపు, లేపు, లేపు, వదులు." ఇంకొకరు చూడకుండా తన కాగితం నింపాలి. పన్నెండు వరుసలు అయ్యాక రెండో కాగితం మీద నానమ్మ అక్షరం రావాలి. ఒక్క గడి తప్పితే అక్షరం వంకర పోతుంది, ఏ వరుసలో తప్పిందో వాళ్లే వెతుక్కుంటారు. మరాఠీ పిల్లలకు కూడా తెలుగు అక్షరాలు నాలుగు వచ్చాయి.

ఒక పిల్ల తన కాగితం ఇంట్లో తాతకు చూపించిందట. ఆయన చద్దర్ మగ్గం మీద బతుకంతా గడిపినవాడు. చూసి, "ఇక్కడ వరుసగా ఇన్ని పోగులు లేస్తే మధ్యల కట్టు ఏది? బట్ట నిలవదు, పోగు వేలాడుతది, గోరు తగిలితే తెగుతది" అన్నాడట. పిల్ల మళ్లీ గీసుకుని వచ్చింది, లావు గీతల మధ్యలో ఒక్కొక్క గడి వదిలి. అక్షరం చెడలేదు, కట్టు కూడా నిలిచింది. నాకు ఆ సంగతి తెలీదు. మా డి.ఎల్.ఎడ్. పుస్తకంలో కూడా లేదు. ఆ తాతను క్లాసుకు పిలవాలని హెడ్‌మాస్టర్ గారిని అడిగాను. "ఆయన ఏం చదువుకున్నాడు?" అని అడిగారు. నేను ఆ పిల్ల కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టి చూపించాను. ఆ శనివారం తాత వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల టోపీ పెట్టుకుని వచ్చాడు. ఇరవై నిమిషాలు అనుకున్నది గంటన్నర అయింది.

టైం అయిందని అన్న సైగ చేస్తున్నారు. అడగాల్సినవి అడిగి కూర్చుంటాను.

కారఖానాలు ఉన్న అన్నలకు. నెలకు ఒక్క పూట, మగ్గాలు ఆపి ఉన్నప్పుడు, ఒక క్లాసు పిల్లలను లోపలికి రానివ్వండి. పిల్లలు దేనినీ ముట్టరు, ఎవరి పనీ చేయరు. పడుగు పోగులు ఎన్నో లెక్క కట్టి పోతారు. అంగుళానికి నలభై పోగులుంటే అరవై అంగుళాల పన్నాకు ఎన్ని అని మేము బడిలో అడుగుతాం, అక్కడ కళ్లతో చూస్తారు. టెర్రీ టవల్ ముక్కలు వేస్టేజీలో పోతాయి కదా, అవి ఇవ్వండి. ఒక అంగుళం ముక్కలో కుచ్చు పోగు లాగి చక్కగా సాగదీస్తే అది ఎన్ని అంగుళాలు వస్తుందో కొలవడం అయిదో తరగతికి ఎంత మంచి పాఠమో! పుణెలో అరవింద్ గుప్తా గారు పారేసిన సామానుతో సైన్సు బొమ్మలు చేసి దేశమంతా నేర్పారు. మన దగ్గర పారేసే సామానుకు కొదవ లేదు.

ఇంట్లో ఉన్న బాపులకు, అవ్వలకు. మీ పనిలో ఉండే అంకెలు పిల్లలకు చెప్పండి. పీసు రేటు ఎంత, రోజుకు ఎన్ని పీసులు, వారానికి ఎంత, దాంట్లో కోత ఎంత. తెలుగులోనే చెప్పండి. చాలా ఇండ్లల్లో పైసల ముచ్చట పిల్లల ముందు తీయరు. తీయండి, అది లెక్కల పుస్తకం కంటే నిజమైన లెక్క.

సమాఖ్య పెద్దలకు ఒక్క మాట. మన స్కాలర్‌షిప్పులు ఇంజనీరింగుకు, మెడిసిన్‌కు ఇస్తున్నారు. మా డి.ఎల్.ఎడ్. బ్యాచ్‌లో మన ఇండ్ల పిల్లలు నలుగురం ఉన్నాం. మాకు ఇవ్వమని అడగడానికి సిగ్గుపడటం లేదు. అడుగుతున్నాను.

చివరిది. పాత జాకార్డ్ అట్టలు, చిరిగినవైనా సరే, పారేయకండి. ఖాళీ కోన్‌లు, తెగిన నూలు కూడా. ఈ హాలు బయట చెప్పుల స్టాండు పక్కన ఒక పెద్ద అట్టపెట్టె పెట్టాను, దాని మీద 'ల' అక్షరం గడుల్లో గీసి ఉంటుంది. వచ్చే సోమవారం ఆరో తరగతికి సౌష్ఠవం పాఠం ఉంది, నాకు కనీసం ఇరవై అట్టలు కావాలి. ఇవాళ తేని వాళ్లు రేపు సాయంత్రం లోపల మార్కండేయ గుడి దగ్గర ఇచ్చినా చాలు.